వినేవారున్న ఇల్లు

శతాబ్ది ఉత్సవాలు జరుపుకొనేటప్పుడు కట్టిన గుడులను, నడిపిన బడులను, ఆసుపత్రులను లెక్కవేసుకోవడం పరిపాటి. అవి కంటికి కనిపించేవి, శిలాఫలకాలు గలవి. కాని ఒక పాదిరిగారి ఇంట్లో రాత్రి భోజనాలయిన తరువాత దీపం చుట్టూ జరిగే పనికి శిలాఫలకం ఉండదు. నేటికీ లోకమంతా చదువుతున్న కొన్ని గొప్ప ఆంగ్ల నవలలు అలాంటి దీపం చుట్టూనే రూపం దిద్దుకొన్నాయి. అచ్చుకు ఎక్కకముందే అవి ఇంటివారి చెవికి ఎక్కాయి. ఆ వినేవారే లేకపోతే వాటిలో కొన్ని మనదాకా వచ్చి ఉండేవి కావేమో. ఈ సంగతిని రెండు పాదిరి కుటుంబాల చరిత్రనుండి, ఒక మిత్రబృందం చరిత్రనుండి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నవల అనగానే ఒక మనిషి ఒక మూల ఒంటరిగా కూర్చొని చదువుకొనే పుస్తకం అని మనం అనుకొంటాము. రెండువందల ఏళ్ళ క్రిందటి ఇంగ్లండులో అది అంతగా నిజం కాదు. ఆనాడు పుస్తకం ఖరీదైన వస్తువు. 1813లో మూడు సంపుటాలుగా వెలువడిన ఒక నవల వెల 18 షిల్లింగులు. అది ఒక వ్యవసాయ కూలీ వారం కూలికన్న ఎక్కువ. కొవ్వొత్తి కూడ ఖర్చుతో కూడినదే గనుక సాయంకాలం ఇంటిల్లిపాదీ ఒకే వెలుతురు దగ్గర చేరేవారు. ఆడవారి చేతుల్లో కుట్టుపని ఉండేది. ఒకరు చదువుతుంటే తక్కినవారు పనిచేసుకొంటూ వినేవారు. ఈ అలవాటు ఉన్న ఇంట్లో ఎవరైనా సొంతంగా ఒక కథ వ్రాస్తే, దానికి మొదటి పాఠకులు కాదు, మొదటి శ్రోతలు సిద్ధంగా ఉండేవారు.

స్టీవెంటన్ పాదిరిగారి ఇల్లు

ఇంగ్లండు దక్షిణాన హాంప్‌షైర్‌లో స్టీవెంటన్ అనే చిన్న గ్రామం ఉంది. అక్కడి పాదిరి జార్జి ఆస్టిన్‌గారికి 8 మంది సంతానం. వారిలో ఏడవ బిడ్డ జేన్, 1775 డిసెంబరు 16న పుట్టింది. తండ్రిగారు జీతం చాలక ఇంట్లో కొందరు పిల్లలను ఉంచుకొని చదువు చెప్పేవారు. ఆయన వద్ద ఐదువందలకు పైగా పుస్తకాలుండేవి. అన్నలు ధాన్యపుకొట్టంలో నాటకాలు వేసేవారు. జేన్ పన్నెండవ ఏటనుండే హాస్యకథలు అల్లి, ఒక్కొక్కదానిని ఇంటివారిలో ఒక్కొక్కరికి అంకితమిచ్చి, చదివి వినిపించేది. ఆ బాల్యరచనలను ఆమె తానే మూడు నోటుపుస్తకాల్లో చక్కగా ఎత్తి వ్రాసుకొన్నది. అవి నేటికీ భద్రంగా ఉన్నాయి.

1796 అక్టోబరులో, ఇరవై ఏళ్ళ వయస్సులో, ఆమె 'ఫస్ట్ ఇంప్రెషన్స్' అనే నవల ఆరంభించి మరుసటి ఆగస్టుకు పూర్తి చేసింది. ఆమె దానిని అక్క కసాండ్రాకు చదివి వినిపిస్తుంటే, తల్లి చనిపోయి అప్పుడు ఆ ఇంట పెరుగుతున్న పెద్దన్నగారి చిన్నపాప ఆన్నా ఆ పాత్రల పేర్లన్నీ పట్టేసి ఇల్లంతా వల్లించేదనీ, ఇంకా గుట్టుగా ఉన్న కథ పెద్దవాళ్ళకు తెలిసిపోతుందని అక్కచెల్లెళ్ళు పాప నోరు మూయించేవారనీ ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు.

తండ్రిగారికి ఆ కథ ఎంతగా నచ్చిందంటే, 1797 నవంబరు 1న ఆయన స్వయంగా లండనులోని కాడెల్ అనే ప్రచురణకర్తకు ఉత్తరం వ్రాశారు. వ్రాతప్రతి పంపమంటారా అని అడిగారు. అక్కరలేదని తిరుగు టపాలోనే జవాబు వచ్చింది. వారు ఆ నవలలో ఒక్క పుట కూడ చూడలేదు.

ఆ తరువాత ఏమైందన్నదే మనం గమనించవలసింది. బజారు వద్దన్న ఆ కథను ఇల్లు వదలలేదు. రెండేళ్ళ తరువాత, 1799లో జేన్ వ్రాసిన ఉత్తరాల్లో ఆ నవలను మళ్ళీ చదువుతామని అడుగుతున్న అక్కను గురించి, స్నేహితురాలు మార్తాను గురించి వేళాకోళాలు కనిపిస్తాయి. ఇంకొక్కసారి చదవనిస్తే మార్తా దాన్ని జ్ఞాపకం మీదనే అచ్చువేయించేస్తుందని జేన్ నవ్వుతుంది. 1801లో కుటుంబం బాత్ నగరానికి మారింది, 1805లో తండ్రిగారు కాలం చేశారు. తల్లీ కూతుళ్ళు ఇల్లిల్లూ మారి చివరకు 1809లో సోదరుడు ఎడ్వర్డ్ ఇచ్చిన చాటన్ గ్రామపు ఇంట స్థిరపడ్డారు. ఇన్ని మార్పుల్లోనూ ఆ వ్రాతప్రతి పోలేదు. దిద్దుబాట్లతో, కొత్త పేరుతో, 1813 జనవరి 28న 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా వెలువడింది. పైన చెప్పిన 18 షిల్లింగుల నవల అదే. ప్రచురణకర్త తిప్పికొట్టిన నాటినుండి పదిహేనేళ్ళకు పైగా ఆ నవలకున్న పాఠకులందరూ ఇంటివారూ, ఆప్తులూ మాత్రమే.

పుస్తకం చేతికి వచ్చిన సాయంకాలం పొరుగున ఉండే బెన్ అనే పేద అవివాహిత స్త్రీ వారింటికి భోజనానికి వచ్చింది. ఎవరు వ్రాశారో చెప్పకుండానే తల్లీ కూతుళ్ళు మొదటి సంపుటంలో సగం ఆమెకు చదివి వినిపించారు. పాపం, ఆమె మనసారా ఆనందించింది. కాని రెండవ సాయంకాలం జేన్‌కు అంత తృప్తి కలుగలేదు. తల్లి మరీ త్వరత్వరగా చదివేసిందని, పాత్రలను ఆమె బాగా ఎరిగినా అవి మాట్లాడవలసినట్లు మాట్లాడించలేకపోయిందని అక్కకు వ్రాసింది. అన్నాడు, అన్నది అనే మాటలు అక్కడక్కడ చేర్చి ఉంటే సంభాషణ వెంటనే తెలిసేది అని కూడ ఆ రోజుల ఉత్తరాల్లోనే ఒప్పుకొన్నది. ఆమె సంభాషణలు నేటికీ నాటకంలా వినిపించడానికి కారణం వెదికేవారు ఈ అలవాటును మరువరాదు.

మరో విశేషం. 1814లో 'మేన్స్‌ఫీల్డ్ పార్క్', 1815 చివర 'ఎమ్మా' వెలువడినప్పుడు ఆమె బంధువుల, ఇరుగుపొరుగువారి అభిప్రాయాలను పేరుపేరునా ఒక కాగితం మీద వ్రాసి ఉంచుకొన్నది. కథానాయిక ఫానీ చప్పగా ఉందని కన్నతల్లి అన్న మాటను కూడ దాచలేదు.

కాలిన వ్రాతప్రతి

నాడు పాత్రల పేర్లు వల్లించిన పాప ఆన్నా పెరిగి పెద్దదై, 1814లో తానే ఒక నవల మొదలుపెట్టింది. భాగాలు భాగాలుగా పినత్తకు పంపేది. జేన్ వాటిని తల్లికీ అక్కకూ పైకి చదివి వినిపించి, ముగ్గురి అభిప్రాయాలూ ఉత్తరంలో వ్రాసేది. ఆ ఉత్తరాలు చదివితే విని చెప్పడం ఎలాగో తెలుస్తుంది. మొదట మెచ్చుకొంటుంది. ఆ పిమ్మట సూటిగా చెబుతుంది. పాత్రలు ఐర్లండుకు వెళితే వెళ్ళనివ్వు గాని, నీకు అక్కడి ఆచారాలు తెలియవు గనుక నీవు వారివెంట పోవద్దు అంటుంది. ఒక పాత్ర చెయ్యి విరిగిన మరునాడే గుర్రపుసాలకు నడిచివెళ్ళడం కొట్టివేశానని చెబుతుంది. ఆన్నా తండ్రిగారు నిజంగానే చెయ్యి కట్టించుకొన్న వెంటనే బయటికి నడిచారట; అయినా అది అంత సాధారణం కాదు గనుక పుస్తకంలో అసహజంగా కనిపిస్తుందని ఆమె వాదన. జరిగినదంతా కథకు పనికిరాదనే ఈ పాఠాన్ని ఒక పినత్త మేనకోడలికి ఉత్తరంలో ఇంత సులువుగా చెప్పింది.

1817 జులై 18న జేన్ వించెస్టరులో మరణించింది. ఆమె పోయిన దుఃఖంలో ఆన్నాకు ఆ కథ కొనసాగించడానికి మనసు రాలేదు. కొన్నేళ్ళకు నిరాశ కమ్ముకొన్న ఒకనాడు ఆ వ్రాతప్రతిని నిప్పుల్లో వేసింది. ఆ మంటను చూసిన జ్ఞాపకం ఆమె కూతుళ్ళలో ఒకరికి ఉండిపోయింది. ఒకే కుటుంబంలో రెండు వ్రాతప్రతులు: వినేవారు మిగిలినది పదిహేనేళ్ళు తట్టుకొని లోకానికి వచ్చింది, వినే మనిషి పోయినది బూడిద అయింది. రెండింటి విలువా సమానమని నేననను. కాని ఆన్నా నవల ఎలాంటిదో తేల్చే అవకాశమే లోకానికి లేకుండా పోయింది.

హావర్త్‌లో రాత్రి తొమ్మిది గంటలు

రెండవ ఇల్లు ఉత్తరాన యార్క్‌షైర్ కొండల్లోని హావర్త్ గ్రామంలో ఉంది. పాట్రిక్ బ్రాంటీగారు 1820లో అక్కడ పాదిరిగా చేరారు. మరుసటి ఏడే భార్య మరణించింది. 1825లో పెద్ద కుమార్తెలు ఇద్దరూ పోయారు. మిగిలినవారు షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్. 1826 జూన్‌లో తండ్రి లీడ్స్ పట్టణంనుండి కొడుకుకు 12 కొయ్య సిపాయి బొమ్మలు తెచ్చారు. నలుగురు పిల్లలూ తలా ఒక సిపాయిని ఎంచుకొని పేర్లు పెట్టి, వారి చుట్టూ ఊళ్ళు, రాజ్యాలు, యుద్ధాలు కల్పించారు. ఆ కథలను అగ్గిపెట్టె అంతటి పుస్తకాల్లో చీమలబారులాంటి అక్షరాలతో వ్రాశారు. ఒకరు చెప్పినదాన్ని మరొకరు అందుకోవడం, కాదని తగవులాడడం ఆ ఇంటి ఆట.

పెద్దవారయ్యాక కూడ ఆ ఆట ఆగలేదు. మేనత్త కాదు, తల్లి తోడబుట్టిన పెద్దమ్మ ఆ పిల్లలను పెంచింది. ఆమె ఉన్ననాటినుండే రాత్రి తొమ్మిది కాగానే కుట్టుపని పక్కన పెట్టడం అలవాటు. అప్పుడు అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ముందుగదిలో అటూ ఇటూ నడుస్తూ, తాము వ్రాస్తున్న కథల సంగతి మాట్లాడుకొనేవారు. వారానికి ఒకటి రెండుసార్లు ఎవరు వ్రాసినది వారు చదివి వినిపించేవారు. షార్లెట్ జీవితచరిత్ర వ్రాసిన శ్రీమతి గాస్కెల్ ఈ సంగతులు నమోదు చేశారు. చెల్లెళ్ళు చెప్పినంతమాత్రాన షార్లెట్ తన వ్రాతను మార్చడం అరుదేనట. అయినా ఆ చదువులు ముగ్గురినీ ఉర్రూతలూగించేవి. ఎమిలీ 'వదరింగ్ హైట్స్' చదువుతుంటే విన్నవారికి ఒళ్ళు జలదరించేదని, రాత్రి నిద్ర పట్టలేదని చెబితే ఎమిలీ అది నటన అనుకొనేదని షార్లెటే తరువాత వ్రాసింది. కథానాయిక అందగత్తె కానక్కరలేదని షార్లెట్ చెల్లెళ్ళతో వాదించి, తనంత పొట్టిగా, సాదాగా ఉండే నాయికను చూపిస్తానని పందెం వేసినట్లు చెప్పిందని ఆమె స్నేహితురాలు హారియట్ మార్టినో తెలిపింది. ఆ నాయికే జేన్ ఐర్.

ఈ ఇంటికీ బయటి లోకం మొదట ముఖం చాటేసింది. 1846లో ముగ్గురూ మారుపేర్లతో సొంత ఖర్చుమీద అచ్చువేసుకొన్న పద్యాల పుస్తకం ఏడాదిలో రెండంటే రెండు ప్రతులు అమ్ముడుపోయింది. షార్లెట్ తొలి నవల 'ది ప్రొఫెసర్' ప్రచురణకర్తలందరి తలుపులూ తట్టి తిరిగివచ్చింది. అదే సంవత్సరం తండ్రికి కంటిలో శుక్లాల శస్త్రచికిత్స కోసం మాంచెస్టరులో ఉన్నప్పుడు ఆమె 'జేన్ ఐర్' మొదలుపెట్టింది. 1847 అక్టోబరులో అది వెలువడింది. డిసెంబరులో చెల్లెళ్ళ నవలలు వచ్చాయి. ఆశ్చర్యమేమంటే, ఇంత జరిగినా పక్కగదిలో ఉన్న తండ్రికి ఏమీ తెలియదు. పుస్తకం పేరుగాంచిన తరువాతనే షార్లెట్ ఆయనకు చెప్పింది.

ఆ పిమ్మట ఎనిమిది నెలల్లో ఆ గది ఖాళీ అయింది. 1848 సెప్టెంబరులో బ్రాన్‌వెల్, డిసెంబరులో ఎమిలీ, 1849 మేలో ఆన్ కన్నుమూశారు. అప్పుడు 'షర్లీ' నవల సగం పైన వ్రాసి ఉంది. తక్కినదాన్ని షార్లెట్ ఒంటరిగా పూర్తి చేసింది. రాత్రి తొమ్మిది తరువాత ఆమె ఒక్కతే ఆ గదిలో నడుస్తుంటే, ఆ అడుగుల చప్పుడు వినలేక తన గుండె తరుక్కుపోయేదని ఆ ఇంటి పనిమనిషి చెప్పింది. 1852లో 'విల్లెట్' వ్రాతప్రతి పంపుతూ, ఒక్క పంక్తి చదివి వినిపించడానికి గాని, సలహా అడగడానికి గాని ఇప్పుడు తనకు ఎవరూ లేరని, 'జేన్ ఐర్' ఇలాంటి స్థితిలో వ్రాసినది కాదని ఆమె ప్రచురణకర్తకు తెలిపింది. ఆమె ప్రతిభ తగ్గలేదు, పేరు తగ్గలేదు. లేనిది వినే చెవి ఒక్కటే.

1854లో ఆమె తండ్రివద్ద సహాయగురువుగా ఉన్న నికల్స్‌గారిని పెండ్లాడింది. ఆ చలికాలం ఒక సాయంకాలం కొత్త కథ ఆరంభాన్ని భర్తకు చదివి వినిపించింది. మళ్ళీ పాఠశాల కథేనా అని విమర్శకులంటారేమో అని ఆయన అన్నారు. అది మారుస్తానని ఆమె అన్నది. మార్చడానికి ఆయుష్షు చాలలేదు. 1855 మార్చి 31న ఆమె మరణించింది.

ఆక్స్‌ఫర్డ్ గురువారాలు

ఇంటిలో ఈ భాగ్యం లేనివారు స్నేహితుల్లో దానిని కల్పించుకోవచ్చునని ఇరవయ్యో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకులు కొందరు చూపించారు. 'ఇంక్లింగ్స్' అనే పేరు మొదట అక్కడి విద్యార్థుల చిన్న సంఘానిది. అచ్చుకాని రచనలను పైకి చదువుకోవడమే దాని పని. ఆ సంఘం అంతరించాక ఆ పేరు సి. ఎస్. లూయిస్ చుట్టూ చేరిన మిత్రులకు దక్కింది. గురువారం రాత్రి మాడలిన్ కళాశాలలోని లూయిస్ గదిలో ఆరేడుగురు చేరేవారు. సభ్యత్వ రుసుము లేదు, అధ్యక్షుడు లేడు, మినిట్సు లేవు. తేనీరు తాగి పైపులు వెలిగించాక, ఏదైనా చదవడానికి తెచ్చారా అని లూయిస్ అడిగేవాడు. పొగడ్తకు అక్కడ చోటు తక్కువ.

లూయిస్ వ్రాసిన 'అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్' మీద ఒక ప్రచురణసంస్థ పరిశీలకుడు సుముఖంగా వ్రాయలేదు. 1938లో టోల్కీన్ ఆ సంస్థ అధిపతికి ఉత్తరం వ్రాసి, మా సంఘంలో దీనిని వారంవారం చదివితే అందరూ ఆత్రంగా విన్నారని సాక్ష్యం చెప్పాడు. మరో సంస్థ ద్వారా ఆ ఏడే అది వెలువడింది. టోల్కీన్ తాను 1937 డిసెంబరులో మొదలుపెట్టిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను పన్నెండేళ్ళపాటు అధ్యాయం వెంట అధ్యాయం అక్కడే వినిపించాడు. మధ్యలో ఎన్నోమార్లు కలం ఆగింది. 1944లో కొత్త అధ్యాయాలు వింటూ లూయిస్ కంటతడి పెట్టాడని టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్‌కు వ్రాశాడు. ఆ కొడుకు యుద్ధంనుండి తిరిగివచ్చాక, తండ్రికన్న బాగా చదువుతాడని అతనిచేతనే చదివించేవారు. పుస్తకం 1954-55లో వచ్చింది. లూయిస్ మరణించిన రెండేళ్ళకు, 1965లో, టోల్కీన్ తన ఋణాన్ని ఒప్పుకొన్నాడు. లూయిస్ వద్ద తాను పొందినది కేవలం ప్రోత్సాహమట. చాలాకాలం తనకు అతనొక్కడే శ్రోత అట.

అయితే వినేవారి చేతిలో చంపే శక్తి కూడ ఉంది. అదే బృందంలో హ్యూగో డైసన్ అనే ఆయనకు టోల్కీన్ కథ సరిపడేది కాదు. ఆయన పట్టుమీద, ఆయన వచ్చిన రాత్రుల్లో ఆ కథ చదవడం మానుకోవలసివచ్చింది. టోల్కీన్ కూడ ఈ దోషానికి అతీతుడు కాడు. 1949లో లూయిస్ నార్నియా కథల్లో మొదటిదాని ఆరంభం చదివితే ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. లూయిస్ ధైర్యం సన్నగిల్లినవేళ రోజర్ లాన్సెలిన్ గ్రీన్ అనే యువమిత్రుడు విని, బాగుంది, వ్రాయండి అన్నాడు. 1950లో ఆ పుస్తకం వెలువడింది. ఒక శ్రోత ఆర్పబోయినదాన్ని మరొక శ్రోత నిలబెట్టాడు. ఆ మాటకువస్తే ఆ గురువారాల చదువులు 1949 చివరితో ముగిశాయి. అలాంటి బృందాలు కలకాలం నిలిచేవి కావు.

మన వైపు

పైకి చదవడం మనకు కొత్త కాదు. మన పల్లెల్లో ఒకరు భారతమో భాగవతమో చదువుతుంటే మరొకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపం తరతరాలుగా ఉండేది. 1901 జనాభా లెక్కల్లో ఈ దేశంలో అక్షరాస్యులు నూటికి ఐదుగురికి కాస్త పైన మాత్రమే. అందుచేత ఒకరి కంటితో పదిమంది చదవవలసివచ్చేది. మన తొలి నవలల్లో ముఖ్యమైన 'రాజశేఖర చరిత్రము'ను కందుకూరి వీరేశలింగం పంతులుగారు గోల్డ్‌స్మిత్ వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' చూచి వ్రాశారు. ఆ మూలకథ కూడ ఒక పాదిరి కుటుంబం కథే కావడం, గోల్డ్‌స్మిత్ కూడ ఒక పాదిరి కుమారుడే కావడం గమనించదగినది. తరువాత తెనాలిలో శివశంకరశాస్త్రిగారి సాహితీ సమితి మిత్రులు తమ రచనలు ఒకరికొకరు వినిపించుకొని ఎదిగారు.

నేడు పుస్తకం చవక, దీపానికి కొదవ లేదు. ప్రతి ఇంట మాటలూ బొమ్మలూ చేతిలోని ఫోనులోనే వచ్చిపడుతున్నాయి. ఎటొచ్చీ ఒకరు చదువుతుంటే తక్కినవారు అరగంట ఊరకుండి వినడం అరుదైపోయింది. మన పిల్లల్లో కథలు వ్రాసేవారు లేరనుకోవద్దు. నోటుపుస్తకం చివరి పుటల్లో వ్రాసుకొని ఎవరికీ చూపనివారు ప్రతి సంఘంలో ఉన్నారు. వారికి బహుమానాలకన్న ముందు కావలసింది వినేవారు.

కనుక యువజన సమాజాలు, స్త్రీల సమాజాలు, అన్నిటికన్న ముందు మన కుటుంబాలు వారానికొక సాయంకాలం ఇందుకు కేటాయించాలని నా మనవి. ఎవరు వ్రాసినది వారే పైకి చదవాలి. చదివేటప్పుడు ఎవరూ అడ్డురాకూడదు. ముందు నచ్చినది చెప్పి, ఆపైన నమ్మశక్యం కానిది ఏదో సూటిగా చెప్పాలి. జేన్ ఆస్టిన్ మేనకోడలికి చేసినది ఇంతే. నచ్చకపోతే మరొకరి చెవికి అవకాశమివ్వాలి, తలుపు మూయకూడదు. ఇందుకు చందాలు వసూలు చేయనక్కరలేదు, మందిరం కట్టనక్కరలేదు. రాత్రి భోజనాలయ్యాక ఒక దీపం, నాలుగు కుర్చీలు, కాస్త ఓపిక చాలు.